అమెరికా ప్రమాణం, ఆత్మకూరు పొలం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చాయి. పిల్లలు డాలస్‌లోనో, బర్మింగ్‌హామ్‌లోనో, కువైట్‌లోనో ఉంటారు. పెద్దలు నెల్లూరులోనో ఒంగోలులోనో ఉంటారు. దీన్ గురించీ, అంటే మతధర్మం గురించీ, దేశం గురించీ మధ్యలో ఫోన్లో వాదులాట. చట్టం సంగతులు మా న్యాయ సలహాదారు, దీన్ సంగతులు మదరసాలో బోధించే ఆలిం (మతపండితుడు) చూసి రాశారు. రాసినవాళ్ల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మాది నెల్లూరు కోటమిట్ట. పెద్దబ్బాయి డాలస్‌లో ఉంటాడు, గ్రీన్‌కార్డు వచ్చి ఆరేళ్లు. పౌరసత్వం ఇంటర్వ్యూ అయిపోయి, ప్రమాణం తేదీ కూడా వచ్చింది. కువైట్ నుంచి వచ్చేసిన చిన్నబ్బాయి ‘అల్లాకు తప్ప ఇంకొకరికి విధేయత చెప్తే ఈమాన్ (విశ్వాసం) పోతుంది’ అంటున్నాడు. మా అమ్మ ‘మీ జేజినాయన మట్టి ఇక్కడుంటే ఈ దేశం నాది కాదని నోటితో ఎట్లా అంటాడు’ అని ఏడుస్తోంది. పెద్దవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ ప్రమాణంలో అసలేముంది? చేశాక మావాడు ఇక్కడ ఏమవుతాడు?

జవాబు: ఆ ప్రమాణం పాఠం నిండా ఒక పేజీ కూడా ఉండదు. తెప్పించుకుని, తెలుగులో చెప్పించుకుని ఇంట్లో అందరూ కూర్చుని వినండి. మీ ఇంట్లో ముగ్గురూ మూడు వేరువేరు ప్రమాణాల గురించి పోట్లాడుకుంటున్నట్టుంది.

అందులో ఉన్నవి ఇవి. ఇప్పటిదాకా పౌరుడిగా ఉన్న దేశానికి విధేయతను పూర్తిగా వదులుకుంటున్నాను. అమెరికా రాజ్యాంగాన్నీ చట్టాలనూ కాపాడతాను. చట్టం కోరితే ఆయుధం పడతాను, లేదా సైన్యంలో ఆయుధం పట్టని పని చేస్తాను, లేదా పౌర అధికారుల కింద దేశానికి అవసరమైన పని చేస్తాను. ఇదంతా మనస్ఫూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా చెప్తున్నాను. చివర్లో ‘దేవుడు నాకు తోడుగా’ అనే అర్థం వచ్చే మాట.

చిన్నబ్బాయి అభ్యంతరం ముందు చూద్దాం. అల్లా మీద తప్ప మరొకరి మీద ఒట్టు వేయకూడదన్నది నిజమే. కానీ ఇందులో జెండా మీదా, మనిషి మీదా ఒట్టు లేదు. ఒట్టు అనే పద్ధతే వద్దనుకుంటే ‘ప్రమాణపూర్వకంగా ధ్రువీకరిస్తున్నాను’ అని చెప్పి, దేవుడి మాటను వదిలేయొచ్చు. దీనికి రుజువులు అడగరు, అధికారికి ముందే చెప్తే చాలు. బ్రిటన్‌లో రాజుకు విధేయత చెప్పాలి, అక్కడా దేవుడి పేరుతో ఒకటి, ధ్రువీకరణగా ఒకటి రెండు పాఠాలున్నాయి. ఆస్ట్రేలియాలోనూ అలాగే రెండు పాఠాలున్నాయి.

ఆయుధం మాట వేరు. దాన్ని తీసేయించుకోవాలంటే దరఖాస్తు ఫారం ఎన్-400లో ఆ ప్రశ్న దగ్గర ‘ఒప్పుకోను’ అని రాసి, ఇంటర్వ్యూలో కారణం చెప్పాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ‘ముస్లిం దేశం మీదికి యుద్ధానికి పోను, మిగతా వాటికి పోతాను’ అంటే చెల్లదు. ఏ యుద్ధంలోనూ ఆయుధం పట్టనన్నది మతవిశ్వాసంలో పాతుకున్న మాట అయ్యుండాలి. మీవాడి ఇంటర్వ్యూ అయిపోయింది కాబట్టి ఈ ఘట్టం దాటిపోయింది.

ఇక ఈమాన్ సంగతి. ముస్లిమేతర దేశంలో పౌరసత్వం తీసుకోవడం మీద ఉలమాల్లో, అంటే మతపండితుల్లో, భేదాభిప్రాయం ఉంది, లేదని బుకాయించడం మంచిది కాదు. కూడదన్నవాళ్లు ఉన్నారు. నమాజు, రోజా, హలాల్ తిండికి అడ్డు లేనిచోట అది ఒక ఒప్పందమే, ఒప్పందాన్ని నిలబెట్టుకోవాల్సిందే అన్నవాళ్లూ ఉన్నారు. రెండో పక్షం చూపేది ఖురాన్‌లో మాయిదా సూరా మొదటి ఆయతు, ‘విశ్వాసులారా, ఒప్పందాలను నెరవేర్చండి’ అని. మక్కావాళ్లతో హుదైబియా ఒడంబడిక రాసుకుంటుండగానే, సంకెళ్లతో పారిపోయి వచ్చిన అబూ జందల్‌ను మాట ప్రకారం ప్రవక్త తిరిగి మక్కావాళ్లకు అప్పగించిన ఘట్టం చిన్నబ్బాయికి తెలిసే ఉంటుంది. కువైట్‌లో ఇఖామా (నివాస అనుమతి) మీద ఉన్నన్నాళ్లూ అతనూ ఆ దేశం చట్టానికి లోబడే బతికాడు.

ఒక జాగ్రత్త. ‘దేశప్రేమ ఈమాన్‌లో భాగం’ అనే మాటను మన సభల్లో హదీసుగా చెప్తుంటారు. హదీసు విద్వాంసులు దాన్ని ప్రవక్త మాటగా ఒప్పుకోలేదు. ఆ మాటతో చిన్నవాడిని గెలవాలని చూస్తే వెంటనే దొరికిపోతారు, ఆ తర్వాత మీరు చెప్పే సరైన మాట కూడా వినడు.

మీ అమ్మగారు ఏడుస్తూ అన్నదే అసలు నిజానికి దగ్గరగా ఉంది. ప్రమాణం చేసిన క్షణం నుంచి మీవాడు భారత పౌరుడు కాడు. ఇది అమెరికావాళ్లు చెప్పినందువల్ల కాదు, మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షనే చెప్తోంది. ఇంకో దేశం పౌరసత్వం ఇష్టపడి తీసుకుంటే ఇక్కడిది దానంతటదే పోతుంది. పౌరసత్వం మార్చుకున్న భారతీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు పేరులో ‘పౌరుడు’ అనే అర్థం ఉన్నా అది పౌరసత్వం కాదు, బతికినన్నాళ్లూ పనిచేసే వీసా. ‘రెండు పౌరసత్వాలూ ఉంటాయిలే జేజీ’ అని పెద్దవాడు ఓదార్చి ఉంటే అది అబద్ధం. ఆ అబద్ధం కంటే ‘కాగితం మారుతుంది, నువ్వు మారవు’ అని నేరుగా చెప్పడం మేలు.

ఇప్పుడు కాగితాల వరస. ప్రమాణం రోజు గ్రీన్‌కార్డు అక్కడే తీసుకుని సర్టిఫికెట్ ఇస్తారు. బయటికి రాకముందే పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకోవాలి. తర్వాత అమెరికా పాస్‌పోర్టుకు దరఖాస్తు. అది చేతికొచ్చేదాకా దేశం దాటే వీలు లేదు, ఎందుకంటే పాత భారత పాస్‌పోర్టు మీద ప్రయాణించడం నేరం, జరిమానా కూడా పడుతుంది. కొత్త పాస్‌పోర్టు వచ్చాక పాతదాన్ని మన కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే కేంద్రంలో సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ తర్వాతే ఓసీఐ దరఖాస్తు. దానికి రెండంగుళాల చదరపు ఫోటో, సంతకం, అమెరికా పాస్‌పోర్టు, పౌరసత్వ సర్టిఫికెట్, సరెండర్ సర్టిఫికెట్, రద్దైన పాస్‌పోర్టు నకలు కావాలి. ఈ మధ్యలో ఇక్కడ ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే కొత్త పాస్‌పోర్టు మీద ఈ-వీసాతో రావచ్చు.

మనవైపు దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. షేక్ అనే ఇంటిపేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. టెన్త్ సర్టిఫికెట్లో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో రాసి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరై కూర్చుంటుంది. పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యు’ అని వస్తుంది, అంటే మొదటి పేరు తెలియదని. మస్తాన్‌వలీలు, ఖాదర్‌బాషాలు ఏళ్ల తరబడి అక్కడ ఎఫ్ఎన్‌యులుగా తిరుగుతుంటారు. పౌరసత్వం సమయంలో కోర్టులో జరిగే ప్రమాణమైతే పేరు సరిచేయించుకునే వీలుంటుంది, అయితే దరఖాస్తులోనే అడిగి ఉండాలి. అలా మారిస్తే ఓసీఐకి ఆ ఉత్తర్వు నకలు కూడా పెట్టాలి.

ప్రశ్న: ఆత్మకూరు దగ్గర నాలుగెకరాల మాగాణి, నెల్లూరులో 40 అంకణాల ఇల్లు ఉన్నాయి. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు బ్రిటన్ పౌరుడయ్యాడు. దేశం వదిలినవాడికి పొలమెందుకని, అంతా చిన్నవాడి పేర వీలునామా రాయాలనుకుంటున్నాను. చెల్లుతుందా?

జవాబు: మీరనుకున్నట్టు చెల్లదు. మీరు సున్నీ హనఫీలైతే వీలునామా, అంటే వసీయత్, ఆస్తిలో మూడో వంతుకు మించకూడదు. అదీ వారసుడికి రాస్తే, మీ తర్వాత మిగతా వారసులు ఒప్పుకుంటేనే నిలుస్తుంది. పెద్దవాడు ఒప్పుకోడు కదా. పౌరసత్వం మారినందువల్ల షరియత్ వాటా పోదు.

లెక్క చూడండి. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మీ భార్యకు ఇవ్వాల్సిన మెహర్ బాకీ ఉంటే అది, అన్నీ పోయాక మిగిలింది నాలుగెకరాలు, అంటే 400 సెంట్లు అనుకుందాం. భార్యకు ఎనిమిదో వంతు, 50 సెంట్లు. మిగిలిన 350లో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. కొడుకులకు తలా 140, కూతురికి 70. మీ తల్లి అప్పటికి ఉంటే ఆమెకు ఆరో వంతు ముందే పోతుంది, లెక్క మారుతుంది. కూతురి 70 సెంట్లను ‘కట్నం ఇచ్చాం కదా’ అని చెరిపేయడం మన జిల్లాల్లో అలవాటు. షరియత్ పేరు చెప్పి పెద్దవాడితో పోట్లాడేవాళ్లు ఈ దగ్గర మాత్రం షరియత్‌ను మర్చిపోతారు.

బతికుండగానే చిన్నవాడికి హిబా, అంటే కానుకగా ఇవ్వడం, చేయొచ్చా అంటే చట్టం అడ్డు చెప్పదు. ఇస్తున్నానని ప్రకటించడం, అతను తీసుకోవడం, స్వాధీనం అప్పగించడం మూడూ జరగాలి. స్వాధీనం దగ్గరే హిబాలు కూలిపోతాయి. కాగితం రాసి, కౌలు మీరే తీసుకుంటూ, పాస్‌బుక్ మీ పేరే ఉంచితే రేపు కోర్టులో అది హిబా కాదని పెద్దవాడి లాయరు నిరూపిస్తాడు. మతపరంగానైతే, బషీర్ అనే సహాబీ (ప్రవక్త సహచరుడు) ఒక్క కొడుకుకే కానుక ఇచ్చి సాక్ష్యం అడిగితే, మిగతా పిల్లలకూ అలాగే ఇచ్చావా అని అడిగి ప్రవక్త సాక్షిగా ఉండనన్నారు. ఆ హదీసు బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పొలాన్ని పెద్దవాడికి గిఫ్టుగా రాయాలనుకున్నా కుదరదు. విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం ఓసీఐలు గానీ ఎన్ఆర్ఐలు గానీ వ్యవసాయ భూమిని కొనకూడదు, గిఫ్టుగా తీసుకోకూడదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. ఇల్లయితే దగ్గరి బంధువు గిఫ్టుగా ఇవ్వొచ్చు. వచ్చిన పొలాన్ని అమ్మాలంటే ఇక్కడ నివసించే భారతీయుడికే అమ్మాలి. డబ్బు విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి రాబడి కోసం పెట్టుకునే ఎన్ఆర్ఓ ఖాతాలో పడుతుంది, పన్ను పోను ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌తో బయటికి పంపుకోవచ్చు. అందుకే చాలా ఇళ్లల్లో పెద్దవాడు పొలం వాటాకు బదులు ఇల్లు తీసుకోవడం అందరికీ సులువైన మార్గం. అడిగి చూడండి. అతను అక్కణ్నుంచే సంతకం చేయాలంటే పవర్ ఆఫ్ అటార్నీని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి, లేదా నోటరీ చేయించి, ఇతర దేశాల్లో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్ర వేయించాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ గడువు దాటి జరిమానా కట్టేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: మాది ఒంగోలు. బర్మింగ్‌హామ్‌లో ఉన్న మా అబ్బాయి అక్కడే పుట్టిన అమ్మాయిని చేసుకుంటానంటున్నాడు. నమాజీ పిల్ల, బ్రిటిష్ పాస్‌పోర్టు. వాళ్ల తాత మాత్రం మీర్‌పూర్ నుంచి వెళ్లాడట. మా ఆయన ‘పాకిస్తాన్ పిల్ల ఈ గడప తొక్కితే నేనుండను’ అంటున్నారు. ఇది నేరమా? మాకేమైనా ఇబ్బందా?

జవాబు: నేరం కాదమ్మా. ఆ పిల్ల బ్రిటిష్ పౌరురాలు. మీ ఆయన భయానికి చట్టంలో ఆధారం లేదు, అయినా కాగితాల్లో ఇబ్బంది మాత్రం తప్పకుండా ఉంది. అది దాచిపెట్టి పెళ్లి చేస్తే తర్వాత నెపం ఆ పిల్ల మీద పడుతుంది. ముందే తెలుసుకోండి.

ఎవరి తల్లిదండ్రులో, తాతముత్తాతలో పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులుగా ఉన్నారో వాళ్లకు ఓసీఐ ఇవ్వరు. ఆ పిల్లకు రాదు. మీ మనవళ్లకూ రాదు, తండ్రి ఒంగోలువాడైనా సరే. ప్రతిసారీ వీసా కావాలి. పాకిస్తాన్ మూలాలున్నవాళ్లకు ఈ-వీసా కూడా లేదు, మామూలు వీసాకే దరఖాస్తు చేయాలి. పరిశీలన ఎక్కువ కాబట్టి నెలల ముందు నుంచే మొదలుపెట్టాలి. టికెట్లు కొన్నాక కాదు, వీసా వచ్చాకే హాలు మాట్లాడండి.

వీసా ఫారంలో ‘మీ తల్లిదండ్రులు, తాత అవ్వలు పాకిస్తాన్ పౌరులా, లేక పాకిస్తాన్ అధీనంలోని ప్రాంతానికి చెందినవారా’ అని నేరుగా అడుగుతారు. మీర్‌పూర్ అంటే ఆ రెండో మాటే. ‘తాత బ్రిటన్‌లోనే పోయాడు కదా, లేదని రాసేద్దాం’ అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. అలా రాస్తే ఆ పిల్ల ఈ దేశంలో అడుగు పెట్టే దారి మూసుకుపోవచ్చు. వీసా మీద వచ్చి మీ ఇంట్లో దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాల్సింది ఇంటివాళ్లే. ఫారం-సి అని అందరూ పిలిచేది అదే.

నిఖా గురించి ఒక మాట. ఇంగ్లండులో మసీదులో నిఖా ఒక్కటే జరిగితే అది చట్టం దృష్టిలో పెళ్లి కాదు. రిజిస్టర్ ఆఫీసులో ఇద్దరూ వెళ్లి నోటీసు ఇవ్వాలి, 28 రోజులు ఆగాలి, మీ అబ్బాయి వీసా మీద ఉంటే అది 70 రోజుల దాకా పోవచ్చు. నిఖా, రిజిస్ట్రేషన్ అక్కడ పెట్టుకుని వలీమా, అంటే పెళ్లి విందు, ఒంగోలులో చేయండి. కోడలికి వీసా ఆలస్యమైతే వలీమా ఆగుతుంది, పెళ్లి ఆగదు. మీ ఆయన్ను ఒప్పించడానికి మా దగ్గర చట్టం లేదు. పిల్లను వీడియోలో మాట్లాడించండి, దేశాల ముచ్చట లేకుండా.

ప్రశ్న: నెల్లూరు మూలాపేట నుంచి రాస్తున్నాను. నలభై ఏళ్లుగా బారా షహీద్ దర్గాకు రొట్టెలు తీసుకుపోతున్నాను. సౌదీ నుంచి వచ్చిన కొడుకు అది షిర్క్ (అల్లాకు సాటి కల్పించడం) అని, పోతే నా చేతి వంట తిననని అంటున్నాడు. కోడలు వాడి పక్షమే.

జవాబు: సమాధుల జియారత్‌కు, అంటే వాటి దర్శనానికి, ప్రవక్త అనుమతి ఇచ్చిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది, మరణాన్ని గుర్తు చేస్తుందని. కాబట్టి దర్గాకు పోవడమే షిర్క్ అనడం మీవాడి తొందరపాటు. చనిపోయినవారిని వరం అడగడం మీద మాత్రం అతని అభ్యంతరం బలమైనదే, చాలామంది ఉలమా అదే చెప్తారు. స్వర్ణాల చెరువులో నిలబడి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె మార్చుకునేటప్పుడు దువా ఎవరిని అడుగుతున్నారన్నదే తేడా. అల్లాను అడిగి, రొట్టెను దానంగా పంచితే మీ ఇద్దరి మధ్య దూరం సగం తగ్గుతుంది.

కానీ తల్లి చేతి వంట తిననడం దీన్ కాదు. లుక్మాన్ సూరా 15వ ఆయతు షిర్క్ చేయమని తల్లిదండ్రులు బలవంతపెట్టినా ఆ మాట వినవద్దంటుంది, ఆ వెంటనే లోకవ్యవహారంలో వాళ్లతో మంచిగా మెలగమంటుంది. మీరు అతన్ని బలవంతపెట్టడం కూడా లేదు. ఆ ఆయతు అతనికి నోటికి వచ్చే ఉంటుంది, పూర్తిగా చదవమనండి. మీరు కూడా మొహరం నెలలో అతన్ని రమ్మని పట్టుబట్టకండి, ప్రసాదంలా రొట్టె తెచ్చి ముందు పెట్టకండి.

ప్రశ్న: గ్రీన్‌కార్డు ఉన్న మా తమ్ముడు అమెరికా సైన్యంలో చేరతానంటున్నాడు, పౌరసత్వం త్వరగా వస్తుందట. నిజమేనా? — సింగరాయకొండ

జవాబు: నిజమే. 2002 నుంచి అమలులో ఉన్న ఉత్తర్వు వల్ల సైన్యంలో గౌరవప్రదంగా పనిచేస్తున్నవాళ్లకు ఐదేళ్లు ఆగే పని లేదు. అయితే ఐదేళ్ల గౌరవప్రద సేవ పూర్తికాకముందే చెడ్డపేరుతో బయటికి వస్తే ఆ పౌరసత్వాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ‘ఈ యుద్ధం వద్దు, ఆ యుద్ధం సరే’ అనే వీలు అక్కడా లేదు. సంతకం పెట్టేముందు మనసులో తేల్చుకోవాల్సింది అదే.

రిక్రూటర్ చెప్పని సంగతి ఒకటుంది. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకూ, పనిచేసి రిటైరైనవాళ్లకూ భారత్ ఓసీఐ ఇవ్వదు. నాలుగేళ్ల సేవ కోసం, జీవితాంతం సింగరాయకొండకు వీసా మీద రావాలి. వీసా ఫారంలో సైన్యంలో పనిచేశారా అనే ప్రశ్న కూడా ఉంటుంది. తల్లిదండ్రులు పెద్దవాళ్లైతే దీన్నే ముందు ఆలోచించమనండి.

పొట్టి ప్రశ్నలు కొన్ని.

కావలి నుంచి: ‘ఓసీఐ వచ్చిన మా అన్న ఓటర్ల జాబితాలో ఇంకా ఉన్నాడు, వచ్చినప్పుడు ఓటేస్తాడు.’ వెయ్యకూడదు. ఓసీఐకి ఓటు లేదు. ఫారం-7తో పేరు తీసేయించండి. పౌరసత్వం మార్చుకోకుండా విదేశంలో ఉన్నవాళ్లైతే ఫారం-6ఏతో ఓటరుగా నమోదు కావచ్చు, పాస్‌పోర్టు చూపించి స్వయంగా వచ్చి వేయాలి.

ఉదయగిరి నుంచి: ‘మా అల్లుడు ఓసీఐ, సెలవుల్లో జమాత్‌తో నలభై రోజులు తిరుగుతానంటున్నాడు.’ 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం తబ్లీగ్ (మతప్రచారం) పనికి ఓసీఐలు ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. మసీదుకు వెళ్లి నమాజు చదవడానికి, బయాన్ వినడానికి అక్కర్లేదు. నలభై రోజుల చిల్లా కట్టి ఊళ్లు తిరగడానికి కావాలి. అనుమతి లేకుండా పోతే చిక్కు అల్లుడికే కాదు, ఇంట్లో పెట్టుకున్న మీకూ వస్తుంది.

నెల్లూరు నుంచి: ‘అమెరికా పౌరుడైన కొడుకు, నేను కలిసి హజ్‌కు హజ్ కమిటీ ద్వారా పోవచ్చా?’ హజ్ కమిటీకి భారత పాస్‌పోర్టు ఉండాలి, కొడుకుకు కుదరదు. అతను సౌదీ వాళ్ల ఆన్‌లైన్ వేదిక నుసుక్ ద్వారా అక్కణ్నుంచి చేసుకోవాలి. మక్కా దగ్గర మినాలో గుడారాలు దేశాల వారీగా ఉంటాయి కాబట్టి ఇద్దరూ ఒకే ఏడాది వెళ్లినా ఒకచోట ఉండరు. కలిసి ఉండాలన్నదే కోరికైతే హజ్ కాలం కాని నెలల్లో ఉమ్రా పెట్టుకోండి. అతను అమెరికా పాస్‌పోర్టు మీద సౌదీ ఈ-వీసాతో వస్తాడు, మీరు ఇక్కణ్నుంచి ఉమ్రా వీసాతో వెళ్లండి. జిద్దాలో కలుసుకునేలా టికెట్లు చూసుకుంటే సరి.